మునెయ్య ఆడిన రెండో భాగం

కార్వేటినగరంలో మొట్టమొదటిసారి టెంటు సినిమా వేసిన సాయంత్రం, జనం తెర ఎప్పుడు దించుతారా అని చూస్తూ కూర్చున్నారు. వాళ్ల తప్పేం లేదు. ఆ పక్క ఊళ్లలో తెర అంటే ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకునే గుడ్డ. దాని వెనక వేషగాడు గజ్జెలు గల్లుమనిపిస్తాడు, పట్టుకున్నవాళ్లు గుడ్డ దించుతారు, ఆట మొదలవుతుంది. ఈ టెంటువాడేమో తెర దించకుండా దాని మీదే మనుషుల్ని ఆడించేసరికి అందరూ ముక్కున వేలేసుకున్నారు.

దించే తెర వెనకనుంచి ఇరవై ఏళ్లపాటు ద్రౌపదిగా వచ్చినవాడు మునెయ్య. వాళ్ల నాయన శాంతయ్య పేరుమోసిన భీముడు. కొడుకూ గద పట్టాలని ఆయన ఆశ. కానీ కొడుక్కి భుజాలు రాలేదు, నడుము వచ్చింది. నీళ్లకు పోయే ఆడవాళ్ల వెనక నడిచి ఎవరి నడక ఎలా ఉంటుందో పట్టేసేవాడు. శాంతయ్య మొదట కర్ర తీసుకున్నాడు, తర్వాత తలకొట్టుకున్నాడు, చివరికి ఆయనే చీర కొనిచ్చాడు. మేనత్త కూతురు భారతమ్మతో పెళ్లయినప్పుడు, మునెయ్య తల వంచుకుని పీటల మీదికి నడిచిన తీరు చూసి, "పెళ్లికూతురు యాడుండాదో తేల్చండప్పా" అని చుట్టాలు నవ్వారు. భారతమ్మ మాత్రం పట్టుచీర కుచ్చిళ్లు పోయడం మొగుడి దగ్గరే నేర్చుకుంది. ఆ మాట ఆమే అందరికీ చెప్పేది, సిగ్గు పడకుండా.

ఎండాకాలం వస్తే ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, పొద్దు గూకాక వీధినాటకం. పద్దెనిమిది రోజులు. ఈ రోజు ఆపిన చోటునుంచి రేపు ఎత్తుకుంటారు. ద్రౌపది జుట్టు విరబోసుకున్న రోజునుంచి ముడి వేసుకునే రోజు దాకా ఆ ఊరి ఆడవాళ్లకు కూరలో ఉప్పు సరిగా పడదు. కథ అనేది ఒక్క రోజులో అయిపోతుందని అక్కడ పుట్టినవాళ్లెవరికీ తెలియదు.

దేశానికి స్వతంత్రం వచ్చే ముందటి ఎండాకాలంలో, భారతం జరిపించే పెద్దమనిషి సుందరరాజు మునెయ్యను పిలిపించాడు.

"సినిమాలో నిజమైన ఆడోళ్లే ఆడతా ఉండారు మునెయ్యా. గడ్డం గీక్కున్న ద్రౌపదిని ఇంకెవురు సూస్తారప్పా? ఈ ఏడు భారతానికి సినిమా టెంటునే పెట్టిస్తా. నీ వేషం ఇంక సాల్లే."

ఇరవై ఏళ్లు నిండు సభలో చీర లాగించుకున్నవాడికి అంత అవమానం ఎన్నడూ తెలియదు. ఇంటికి వచ్చి గజ్జెలు గుడ్డలో మూటగట్టి అటక మీదికి విసిరాడు. నలభై దాటిన ఒళ్లు, మందమైన నడుము, ఆటలు లేని నెలల్లో పెరిగి నెరుస్తున్న మీసం. ఆట లేకపోతే మునెయ్య అనే మనిషికి మిగిలేది ఇంతే. అది అతనికీ తెలుసు, అన్నం కంచం ముందు పెట్టి కూర్చున్న భారతమ్మకూ తెలుసు.

"పోయి సూసిరా మామా, ఆ సినిమా యమ్మ ఏం పొడిసిందో," అంది ఆమె.

టెంటు వేసిన తొలి సాయంత్రమే, తప్పులు పట్టడానికే పోయాడు. అది నాట్యం సినిమా. పేదింటి పిల్ల ఆట నేర్చుకుని, గుడ్డి తల్లిని చేయి పట్టుకుని నడిపించుకుంటూ రాజుగారి కోటకు పోతుంది, సభలో ఆడి గెలుస్తుంది. మొదటి పాటకే మునెయ్య నడుం నిటారైంది. తెరంతా పాదాలు! ఒట్టి పాదాలు! వేలు వంగడం, మడమ లేవడం, గజ్జె గజ్జె కదలడం. వీధినాటకంలో ఆ పాదాల పని దుమ్ములో కలిసిపోతుంది. ముందు వరుసలో కూర్చున్నవాడికైనా సరిగా కనబడదు. ఆడలేనమ్మ మద్దెల మీద తప్పు చెప్పిందట. మునెయ్య ఆడగలిగినవాడు, అందుకే తప్పు చెప్పలేకపోయాడు. ఇంటికి రాగానే భారతమ్మతో, "పాడుది, ఎంత బాగా ఆడిందే!" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సినిమా చివర్న రాజు పిల్లను పెళ్లాడతాడు, కోట తలుపులు మూసుకుంటాయి. గుడ్డి తల్లి వాకిలి బయటే నిలబడి ఉంటుంది. "శుభం" అని పడింది. జనం చాపలు చుట్టుకుంటూ, "సరేలే, తల్లి సంగతి రేపు" అనుకుంటూ ఇళ్లకు పోయారు.

మరుసటి సాయంత్రం ఊరు ఊరంతా మళ్లీ దిగింది. చింతపులుసన్నం మూటలు, చంకల్లో పిల్లలు, నిన్న రాని ముసలివాళ్లు కూడా. టెంటు యజమాని చెంగల్రాయుడు తన బొమ్మ అంతగా పట్టేసిందని మీసం మెలేశాడు. ఆట మొదలైంది. మళ్లీ అదే గుడిసె, అదే పిల్ల. హరికథ దాసుగారు కూడా ముందు నిన్నటి కథ కాస్త చెప్తారు కదా అని జనం ఓర్చుకున్నారు. సగమైంది, ముప్పాతికైంది. కోట తలుపులు మళ్లీ మూసుకున్నాయి, "శుభం" మళ్లీ పడింది. అప్పుడు లేచారు.

"నిన్నటి కతే గదప్పా ఇది!"

"ఆ ముసిల్ది వాకిట్లోనే ఉండాది. దానికి ఇంత కూడన్నా పెట్టినారా లేదా?"

"కత అయిపోయింది నాయనా, అంతే!" అని చెంగల్రాయుడు చేతులు జోడించాడు.

"అయిపోతే తల్లేమైందో సెప్పు!"

నలుగురు పోయి టెంటు గుంజలు పట్టుకుని ఊపారు. చెంగల్రాయుడికి పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు ఆడవాళ్ల వైపునుంచి భారతమ్మ గొంతు ఖంగుమంది.

"సెప్పేవోడు ఈడ్నే కూసోనుండాడు గదా! మా ఇంటాయన్ని అడగండి!"

అందరి తలలూ తిరిగాయి. మునెయ్య తనను తాను కిందికీ పైకీ చూసుకున్నాడు. గజ్జెలు లేవు, చీర లేదు, మీసం అలాగే ఉంది. ఆ అందగత్తె ఆడిన తెర ముందు తానేం ఆడతాడు? అప్పుడు తట్టింది. ఆ పిల్లగా ఎందుకాడాలి? వాకిట్లో నిలబడ్డ తల్లి ఉంది కదా! ఆ తల్లికి మందమైన నడుమే కావాలి.

భుజం మీది పైగుడ్డ తల మీదుగా కప్పుకుని, కళ్లు మూసుకుని లేచాడు. మీసం ఎవరికీ కనబడలేదు. బొమ్మ వేసే మిషను దీపం ఆర్పడం చెంగల్రాయుడు మరిచిపోయాడు. ఆ వెలుతురులోకి మునెయ్య రాగానే తెర మీద పెద్ద నీడ లేచింది. జనం "అదిగో కూతురు!" అన్నారు. మునెయ్య ఆ మాట పట్టుకున్నాడు. గుడ్డితల్లి గజ్జెల చప్పుడు కోసం చెవి రిక్కించి ఒక్కో అడుగూ వేస్తోంది. తెరకు దగ్గరయ్యేకొద్దీ నీడ చిన్నదై ఆమె అంతే అవుతోంది. సినిమాలో పిల్ల వేసిన అడుగులే తల్లి వేసింది, ముసలి కాళ్లతో, తడబడుతూ. ఈ ఆట నేర్పింది నేనేనమ్మా అన్నట్టు. చివరికి రెండు చేతులూ చాచి తెరను తాకింది. నీడ చేతులూ ఆ చేతుల్నే తాకాయి.

గుంజలు పట్టుకున్న నలుగురూ వాటినే కావలించుకుని ఏడ్చారు. సుందరరాజు కండువాతో ముఖం దాచుకున్నాడు.

"ఇంగ రేపు?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"రేపు సెప్తా," అన్నాడు మునెయ్య.

అలా భారతం అయ్యేదాకా రోజూ ముందు సినిమా, ఆ తర్వాత మునెయ్య. రోజుకో భాగం. తల్లీకూతుళ్లు కోటలో గొడవపడ్డారు, రాజు కాళ్ల మీద పడ్డాడు, ఊళ్లో పిల్లలకు ఆట నేర్పారు. మునెయ్య కడుపు నిండింది. మరుసటి ఎండాకాలానికి ద్రౌపది వేషం కూడా ఎవరూ అడగకుండానే అతనికి తిరిగొచ్చింది.

రెండేళ్లకు చెంగల్రాయుడు మళ్లీ టెంటు వేశాడు. మద్రాసువాళ్లు ఆ సినిమాకు నిజంగానే రెండో భాగం తీశారని ఊరంతా తప్పెట కొట్టించాడు. మునెయ్యకు దిగులు పట్టుకుంది. అసలుది వచ్చాక తన కొసరు ఎవరికి కావాలి? అయినా అందరికంటే ముందు పోయి నేల మీద కూర్చున్నాడు. ఆ పాదాలు మళ్లీ చూడాలి కదా.

పాదాలు బ్రహ్మాండంగా ఆడాయి. కానీ తల్లి మొదట్లోనే చనిపోయింది, అదీ ఎవరో వచ్చి చెబితే తెలిసింది. టెంటంతా గుసగుసలు.

"తప్పు! ఆ యమ్మ సావలే. కోటలోనే ఉండాది."

"మేం సూసినాం గదా!"

"శుభం" పడింది. ఒక్కరూ చాప చుట్టలేదు. గుంజలూ ఊపలేదు. అంతా మునెయ్య వైపే చూస్తున్నారు. భారతమ్మ ఒడిలోనుంచి మూట తీసి, ఆడవాళ్ల చేతులమీదుగా అతని దాకా పంపింది. గజ్జెలు.

మునెయ్య వాటిని కాళ్లకు కట్టుకున్నాడు. చెంగల్రాయుడు అడగకముందే మిషను దీపం అలాగే ఉంచాడు. సుందరరాజు కుర్చీలోనుంచి లేచాడు. భుజం మీది కండువా తీసి విప్పాడు, ఒక కొస తను పట్టుకుని రెండోది చెంగల్రాయుడికి ఇచ్చాడు.

"దీని ఎనక్కి రా మునెయ్యా," అన్నాడు. "నువ్వు గజ్జె కొట్టు, మేం దించుతాం."