ముక్కు దగ్గర చిరిగిన అచ్చు

“ఇంకొక్క కాగితం ఇయ్యి మా. పాప ఏడుస్తాంది.”

“ఏడిస్తే కాగితం పుడతాదా సార్? రాయికి ఒకటే. పొద్దున్నే చెప్పినా.”

“గొట్టంలో ఇంకా రెండు కనబడతాండాయి గదా!”

“కనబడిండేవన్నీ వాడేస్తే రేపు హెడ్డాఫీసు నుంచి శాసనాలు చదివే ఆయప్ప వచ్చి దేని మీద అచ్చు తీస్తాడు? నీ చొక్కా మీదనా?”

పిల్లలు నవ్వారు. సోషల్ సారు నవ్వలేదు. “ఆ రాయన్నా నీళ్లు పోస్తే తడుస్తాది. నువ్వు తడవవు మా,” అన్నాడు. పిల్లలు ఇంకా నవ్వారు. కాగితం చింపిన రేష్మా మాత్రం రాయికి అంటుకొని ఉన్న తడి కాగితాన్నే చూస్తూ నిలబడింది.

ఇది రాష్ట్రం రెండైన మరుసటి ఏడాది, చలికాలంలో జరిగింది. పాత రాళ్లను, శాసనాలను కాపాడే సర్కారు ఆఫీసు ఒకటి అప్పట్లో జమ్మలమడుగులో ఉండేది. నేను అందులో అటెండరుని. నాది ఐదో తరగతి చదువు. మా ఆయన అక్కడే వాచ్‌మన్‌గా ఉంటూ చనిపోతే కారుణ్య నియామకం కింద నన్ను తీసుకున్నారు. ఊడవడం, తాళాలు వేయడం, వచ్చినవాళ్ల చేత పుస్తకంలో సంతకం పెట్టించడం నా పని అని ఆర్డరులో ఉంది. అచ్చు తీయడం ఆర్డరులో లేదు. అది పై అధికారుల వెనకాల బకెట్ మోస్తూ నేర్చుకున్నాను.

రాతి మీద ఉన్నది ఉన్నట్టు కాగితం మీదికి దింపడమే అచ్చు. ముందు కొబ్బరి పీచుతో, నీళ్లతో రాయి కడగాలి. ఇనుప బ్రష్ తగలకూడదు. కాగితాన్ని తడిపి రాతి మీద పరిచి, నడుమ నుంచి అంచులకు గాలి పోయేటట్టు ఒత్తాలి. ఆపైన గట్టి కుచ్చు బ్రష్‌తో కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. సగం ఆరాక మసి సిరా ముంచిన గుడ్డ ఉండతో మెల్లగా అద్దాలి. ఎత్తుగా ఉన్నచోట నలుపు పడుతుంది, గుంతలు తెల్లగా మిగులుతాయి. అక్షరాలను గట్టిగా కొట్టాలి, బొమ్మను మెల్లగా కొట్టాలి. బొమ్మకు ముక్కు ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి తడి కాగితం మొదట చిరిగేది అక్కడే.

ఆ ఏడాది కడపలో ఉండే మా అధికారి ఒక ఏర్పాటు చేశాడు. హైస్కూలు పిల్లలకు వీరగల్లులు చూపించి, అవి చెక్కిన కాలాన్ని పాఠంగా చెప్పించాలి. యుద్ధంలోనో, పశువులను తోలుకుపోయే దొంగలను అడ్డుకొనో చనిపోయినవాడికి ఊరు నిలిపే రాయి వీరగల్లు. పాఠం బడిపంతులు చెప్పాలి, అచ్చు నేను చూపించాలి. పులివెందుల నుంచి పదో తరగతి పిల్లలను ఇరవై మందిని తీసుకొని సోషల్ సారు వచ్చాడు. ముద్దనూరు దారిలో ఒక పల్లె బయట నాలుగు వీరగల్లులు ఉన్నాయి. రాయికి అయిదుగురు పిల్లలు, ఒక కాగితం.

సారు పాఠం బాగా చెప్పాడు. రాయి మీద వీరుడు కత్తి ఎత్తి నిలబడి ఉంటాడు, పైన దేవకన్యలు అతన్ని తీసుకుపోతుంటారు. ఒంటి మీద ఒక్క గాయం ఉండదు.

“చెక్కినోడు యుద్ధం చూసి చెక్కలేదు. ఊరు ఎట్ల చూడాలనుకుంటే అట్ల చెక్కినాడు,” అన్నాడు సారు. చనిపోయినవాడి ఇంటికి రక్తమాన్యం అని భూమి ఇచ్చేవారు, ఆ సంగతి కూడా రాతి మీదే రాసేవారు. “ఈ రాయి పోయినోడి కోసరమే కాదు, ఈసారి పోవాల్సినోడి కోసరం గూడా,” అన్నాడు.

అప్పుడు రేష్మా అడిగింది. “సార్, చచ్చిపోయినప్పుడు మొగం ఇట్ల శాంతంగా ఉంటాదా?”

“చెక్కినోళ్లు అందరికీ ఒకే మొగం పెడతారు పాపా. అది నిజం మొగం కాదు,” అన్నాడు సారు.

నాకు మాట ఆగలేదు. “మిగతా మూడిట్లకీ ఒకటే మొగం సార్, ఒప్పుకుంటా. ఈ నాలుగో రాయి మాత్రం మనిషిని ఎరిగినోడు చెక్కిండేదే. ఎడమ కనుబొమ్మ మీద గాటు చూడు. కింది పెదవి మందం చూడు. ఊరికే ఎవురన్నా అట్ల చెక్కుతారా?” అన్నాను. ఆ రాయి చానా ఏళ్లు ఒక పశువుల కొట్టం ముందు బోర్లా పడి, కాళ్లకింద మెట్టుగా ఉండింది. అందుకే మొహం అరగలేదు.

రేష్మా ఆ మాట పట్టుకుంది. నాలుగో రాతి దగ్గరికి పోయి బ్రష్ తనే తీసుకుంది. నేను ఒకటో రాతి దగ్గర సిరా కలుపుతున్నాను. చప్పుడు విని తలెత్తేసరికి అక్షరాలను కొట్టినట్టు మొహాన్ని కొడుతోంది. “మెల్లగా!” అని అరిచాను. అప్పటికే ముక్కు దగ్గర మొదలై కనుబొమ్మ దాకా చిరిగింది.

“నాకు మొగమే కావాలవ్వా. ఇంకోటి ఇయ్యి,” అంది. నేను ఇవ్వలేదు. సారుతో తగువు అప్పుడే.

బస్సు ఎక్కేముందు సారు నన్ను పక్కకు పిలిచాడు. రేష్మా నాయన మిలిటరీలో పనిచేస్తూ ఎండాకాలంలో సరిహద్దు దగ్గర పోయాడట. పెట్టె మూసి పంపించారు. మొహం చూపించొద్దని పైనుంచి మాట. ఆ పాప జనాజా లేచేదాకా పెట్టె మీద చెయ్యి పెట్టుకొని కూర్చుందట.

“ఈ మాట ముందే చెప్పొచ్చు గదప్పా,” అన్నాను.

“చెప్తే ఇచ్చింటావా?” అన్నాడు.

ఇచ్చి ఉండేదాన్నని ఇప్పుడు రాయడం సులువు. ఆ కాగితాల లెక్క నన్ను ఎవరూ అడగరు. లెక్కపెట్టి ఇవ్వడం నా అలవాటు, అంతే.

ఆఫీసుకు చేరి సామాను కడిగాను. చిరిగిన కాగితాన్ని పారేయడం నాకు చేతకాదు. దాన్ని నాలుగు ముక్కలు చేసి సిరా ఉండలు తుడిచి, మిగిలిన ముక్కతో బకెట్ అడుగు తుడిచాను. ఆ తర్వాత దీపాలు పెట్టే వేళకు సారుకు ఫోన్ చేశాను. “రేపు మొదటి బస్సుకు పాపను పిల్చుకొని రా. కాగితం నేను తెస్తా. నేనే చెయ్యి పట్టి కొట్టిస్తా,” అన్నాను. “సరే మా,” అన్నాడు సారు.

చిరిగిన అచ్చు మీద కూడా రాయి పేరు, తేదీ వేసి ఫైల్లో పెట్టాలి. రాయికి ఎప్పుడు ఏమవుతుందో తెలియదు కాబట్టి చెడిపోయిన అచ్చూ అచ్చే. ఇది మా అధికారి నాకు ఆ తర్వాత చెప్పాడు. రిటైరయ్యేదాకా నేను అలాగే చేశాను.

మరుసటి రోజు పొద్దున్నే నేను బస్సు దిగేసరికి సారూ, రేష్మా రాళ్ల దగ్గర నిలబడి ఉన్నారు. రాళ్ల ముందు టెంకాయ చిప్పలు, ఊదుబత్తీలు. నాలుగు రాళ్లకూ ఆయిల్ పెయింట్ వేసి ఉంది. ఒంటికి వెండి రంగు, మీసానికి నలుపు, కత్తికి ఎరుపు. నాలుగో రాతి మొహం మీద పూత మందంగా పడింది. కనుబొమ్మ గాటు పూడిపోయింది, పెదవి గీత పోయింది. నాలుగు మొహాలూ ఒక్కటే అయ్యాయి.

ఊరి పెద్దాయన డబ్బా చేతిలో పట్టుకొని వచ్చాడు. “రామ్మా రా. నిన్న మీరు పులివెందల నుంచి పిల్లకాయల్ను పిల్చుకొచ్చి చూపిస్తాంటే మాకు సిగ్గేసింది. మనూరి వీరుల్ను మనమే పట్టించుకోకపోతిమే అని. పొద్దు మునిగేలోగానే వేసేసినాం. ఎట్లుండాయి?”

“యాడన్నా ఆఫీసులో అడగాలి గదన్నా,” అన్నాడు సారు.

“దేవునికి రంగెయ్యడానికి ఆఫీసేంది సార్?” అన్నాడు పెద్దాయన. ఆయన మొహంలో సంతోషం తప్ప ఇంకేం లేదు. నాకు కోపం రావడానికి చోటు దొరకలేదు.

రంగు తీయాలంటే మందులు తెలిసినవాళ్లు రావాలి. గీకితే మొహమే పోతుంది. ఆ మాటే రేష్మాకు చెప్పాను. ఆ పాప రాతి బుగ్గ మీద వేలు పెట్టింది. రంగు ఇంకా ఆరలేదు, వేలికి అంటుకుంది.

“నిన్న చిరిగింది ఉంది గదవ్వా. అదే ఇయ్యి. చిరిగినా ఫర్వాలేదు.”

దాంతో సిరా తుడిచేశానని చెప్పాను.

రేష్మా వేలికున్న వెండి రంగును రోడ్డు పక్క మట్టికి రాసుకుంది. పులివెందుల బస్సు వచ్చింది. సారు ముందు ఎక్కాడు, ఆ పాప వెనక ఎక్కింది. నేను రెండు కాగితాలనూ గొట్టంలో పెట్టుకొని జమ్మలమడుగు బస్సు కోసం అవతలి పక్కకు దాటాను.