కుడి అంచుకి తన్నిన బంతి

నాకు నోరెక్కువ. ఆ ఏడు మా ఫుట్‌బాల్ జట్టుకి నేను కోచ్‌నయ్యానంటే ఆట వచ్చి కాదు, ఆ నోటి పుణ్యమే.

దుబాయ్ అవతల ఉమ్ అల్ క్వైన్‌లో మా లేబర్ క్యాంపు జట్టు రెండు సీజన్లుగా ఒక్క మ్యాచ్ గెలవలేదు. మూడోది మొదలవడానికి నెల ముందు మెస్‌లో పంచాయితీ పెట్టాం. మార్చాల్సింది కోచ్‌నా, మధ్యలో నిలబడి అందరికీ బంతులు పంచేవాణ్ణా?

కోచ్ కడప భాయ్, పెయింటింగ్ షాపులో ఫోర్‌మన్. బంతులు పంచేవాడు మా గోదావరి వాడే, వెల్డర్. వాడి జబ్బు అందరికీ తెలుసు. ఎంత మంచి బంతి దొరికినా కుడి అంచుకే తంతాడు. ఒకప్పుడు అక్కడ, గదిలో వాడి పై మంచం మీద పడుకునేవాడు, వాడు బావా అని పిలిచేవాడు, ఆడేవాడు. పరుగందుకున్నాడంటే పట్టుకున్నవాడు లేడు. కరోనా మొదటి ఏడు అంబులెన్స్ ఎక్కాడు, మళ్ళీ రాలేదు. ఆఖరి చూపుకి కూడా మమ్మల్ని రానివ్వలేదు. తర్వాత అక్కడ ఎవర్ని నిలబెట్టినా బంతి రెండడుగులు ముందే పడేది, ఆ పోయినవాడి పరుగుకి సరిపోయేట్టు.

“వీణ్ణి తీసెయ్యాలి,” అన్నాను. “చచ్చినోడికి పాసులిస్తే గోలెవడు కొడతాడు?”

 వాడు తలెత్తకుండా పప్పులో రొట్టె ముంచుకుంటున్నాడు.

“వానికి ఈ ఆట తప్ప ఇంకేముండాదిరా?” అన్నాడు కడప భాయ్. “వాణ్ణి తీసేస్తే నేనూ ఖలాస్.”

“మరీ మంచిది. ఇద్దరూ ఖలాస్!”

చేతులెత్తమన్నాను. నేనే గెలిచాను.

తర్వాతి సెలవునాడు పొద్దున పొగమంచు. మా గ్రౌండ్ కుడి అంచు దాటితే అంతా తడి ఇసుకే. గోడ లేదు, చెట్టు లేదు. పదడుగుల అవతల మనిషి కనపడట్లేదు. మంచు విడిచేదాకా టీ తాగుదామని అందరూ మేమొచ్చిన వ్యాన్ దగ్గరికి పోయారు. జట్టులోంచి తీసేసినా వచ్చిన ఆ వెల్డరొక్కడే గోల్ గీత బయట కూర్చున్నాడు. నా బుద్ధి చూడండి, బంతి ఎలా పంచాలో వాడికి చూపిద్దామని, మంచులో కనపడేంత దగ్గర్లో నిలబడి ఎడమవైపు తన్నబోయాను. కాలు ఎలా తిరిగిందో ఏమో, బంతి కుడివైపు మంచులోకి పోయింది. ఛీ అనుకుంటూ దాని కోసం బయల్దేరాను.

బంతి తిరిగొచ్చింది. ఎవరో లోపలి పాదంతో ఒద్దికగా అందించినట్టు సరిగ్గా నా కాళ్ళ దగ్గర ఆగింది. 

“ఎవర్రా అక్కడ?” అని అరిచాను. ఎవరూ పలకలేదు.

వాడు లేచి వచ్చాడు. “తిరిగొచ్చిందా అన్నా?”

“వచ్చింది.”

“నాకెప్పుడూ రాలేదు. రెండేళ్ళ నుంచి తంతన్నాను. ఒక్కసారంటే ఒక్కసారి రాలేదన్నా.”

అంతమంది ముందు ‘చచ్చినోడు’ అన్నది ఈ నోరే కదా. సిగ్గుతో చచ్చిపోయాను.

వాడు నేను నిలబడ్డ చోటే నిలబడి తన్నాడు. ఎదురుచూశాం. ఏమీ రాలేదు. ఇంకా చూశాం. వాడి పెదవులు వణకసాగాయి. చూడలేకపోయాను. “నీళ్ళు తెస్తా, ఇక్కడే ఉండు,” అని చెప్పి వ్యాన్ వైపు నడిచి, మంచులోంచి చుట్టూ తిరిగి కుడి అంచుకి చేరాను.

బంతి తడి ఇసుకలో పడి ఉంది. మొదటిసారి దాన్ని వెనక్కి తన్నినవాడి అడుగుల కోసం వెతికాను. ఉన్నవి నావే. లోపలి పాదంతో మెల్లగా వాడున్న వైపు తన్నాను.

మంచు అవతల నుంచి వాడి గొంతు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీదు.

“ఒరే బావా! ఇన్నాళ్ళేవైపోయావురా?”

కిక్కురుమనకుండా నిలబడ్డాను. వాడు మళ్ళీ తన్నాడు. బంతి ఎప్పటిలాగే నాకు రెండడుగులు ముందు పడింది. నేను కదల్లేదు. అది ఒక్క క్షణం ఆగి, తిరిగి వాడి దగ్గరికి వెళ్ళిపోయింది.