మా ఇంట ప్రశ్నలు, టాబియాలో జవాబులు

మొన్న ఆదివారం, సబేటో దగ్గర హోటల్లో గదులు సర్దే మా మనవరాలు, ఎవరో దొరసాని వదిలేసి వెళ్ళిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఆజీ, దేఖో, జిందగీ కైసే జియే కే, ఇస్మే సబ్ లిఖా హై" అంది. బతకడమెలాగో అంతా అందులోనే రాసి ఉందట. ఓసి పిచ్చిదానా, డెబ్బై దాటినదానికి ఇప్పుడా నేర్పేది అని నవ్వాను గానీ, ఇదిగో ప్రశ్న, కిందనే జవాబు అని అది పేజీలు తిప్పి చూపిస్తుంటే, నా మనసు మా దీవిలోనే ఉన్న పెనాంగ్ చెరకు మిల్లు లైన్లకు పరుగెత్తింది. అలాంటి పుస్తకం మా ఇంట్లోనూ ఉండేది మరి, కాకపోతే సగమే!

లైన్లంటే మన ఈడువాళ్ళకు చెప్పనక్కర్లేదు. గిర్మిట్ అనే కూలి ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి ఓడెక్కి వచ్చిన కూలీలను కుక్కిన ఇరుకు గదుల వరసలవి. ఒకే ఓడ దిగినవాళ్ళు ఒకే కడుపున పుట్టినవాళ్ళ కిందే లెక్క కనుక, పక్క గదిలో ఉండే ఓడతోడు ఆవిణ్ణి మా అమ్మ అప్పా అని పిలిచేది, నాకు ఆవిడ ఓడ పెద్దమ్మ. అదే ఓడలో వచ్చిన ఒక తాత దగ్గర వేదాంత పుస్తకం ఉండేదట. పని లేని ఆదివారం పూట ఆయన రాగం తీసి చదువుతుంటే, అర్థమైనా కాకపోయినా, వారమంతా పని చేయించే సర్దారు తిట్లు విన్న చెవులకు ఆ తెలుగు ఎంత హాయిగా ఉండేదో అమ్మ చెప్పి చెప్పి మురిసిపోయేది. ఆ తాత పోతూ పోతూ, పుస్తకం మీ అక్కచెల్లెళ్ళిద్దరిదీ అనేసి కన్ను మూశాడు.

గిర్మిట్ తీరాక పెద్దమ్మ వాళ్ళు సముద్రం దాటి పక్క దీవిలోని టాబియాలో భూమి చూసుకున్నారు, మేము పెనాంగ్‌లోనే ఉండిపోయాము. నేనప్పటికి అమ్మ కడుపులో ఉన్నానట. ఓడవాళ్ళలో పంపకమంటే ఏదైనా సగం సగమే. ఇద్దరికీ అక్షరం ముక్క రాదాయె, చెరకు కత్తి తెచ్చి పుస్తకాన్ని నడిమికి కోశారు! అట్ట మీద గురువుగారి బొమ్మ ఉందని అమ్మ ముందుసగం ఏరుకుంది.

తీరా మా నాన్న ఎవరి దగ్గరో నాలుగక్షరాలు నేర్చుకుని కూడబలుక్కుంటూ చదివితే తేలిందేమిటయ్యా అంటే, ఆ పుస్తకంలో ముందుసగమంతా శిష్యుడి ప్రశ్నలే, గురువుగారు నోరు విప్పేది వెనక సగంలోనే. వీడు శిష్యుడా, కోర్టు వకీలా అని నాన్న వేళాకోళం చేసేవాడు. అన్నాల దగ్గర ఒక్కో ప్రశ్నా చదివి మేమే జవాబులు కట్టేవాళ్ళం. కష్టానికి ఫలమేమిటని శిష్యుడడిగితే, మనకు చేతుల్లో కాయలు, మిల్లుకు పంచదార అని నాన్న చెప్పిన జవాబుకు పొలమారేలా నవ్వుకున్నాం. నాకీ నాలుగు తెలుగు ముక్కలు వచ్చాయంటే ఆ సగం పుస్తకం పుణ్యమే.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఎవరూ నవ్వేవాళ్ళం కాదు. మనల్ని విడిచిపోయినవారు ఎక్కడుంటారు స్వామీ, అని అడుగుతాడు శిష్యుడు. నాకంటే ముందు పుట్టిన అన్న, లైన్లలోనే, పాలు తాగే ఈడులోనే జ్వరంతో పోయాడు. జ్వరంతో పడి ఉన్న అమ్మకు లేచే ఓపిక లేకపోతే, పెద్దమ్మే వాణ్ణి తీసుకువెళ్ళి మట్టి చేసి వచ్చిందట. ఆ ప్రశ్నకు గురువుగారు ఏం చెప్పారో తెలుసుకోకుండా నేను చావనని అమ్మ పట్టు పట్టింది.

నాకు ఊహ వచ్చాక, చెరకు బాగా పండిన ఒక ఏడు, నాన్న మమ్మల్ని స్టీమరెక్కించాడు. అమ్మ ఆ సగాన్ని పాత చీరలో చుట్టి దారి పొడుగునా ఒళ్ళోంచి దించలేదు. టాబియాలో అక్కచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలోనే ఒకరినొకరు పట్టుకుని బావురుమన్నారు. పెద్దమ్మ ఎవరిచేతో చదివించుకున్న తన సగం తెచ్చి పెట్టి, మా ఇంట అన్నీ జవాబులే, దేనికో మాత్రం తెలియదని నవ్వించింది. నాన్న కాళ్ళు కడుక్కుని చదవడానికి కూర్చోబోతుండగా, ముందు తిండి సంగతి చూద్దామని పెద్దమ్మ పెరటి గడపలో నిలబడి, చెరకు తోటలో ఉన్న తన చిన్నకొడుకును పేరు పెట్టి, "బేగి రారా, కూడు సల్లారిపోతోంది!" అని కేకేసింది.

అది మా అన్న పేరు.

అమ్మ ఉన్నచోటనే నిలబడిపోయింది. బురదకాళ్ళతో ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. పెద్దమ్మ అమ్మ ముఖం చూసి, "నీ బిడ్డని నా సేతుల్తో కప్పెట్టినాను గదే, పేరు కూడా కప్పెట్టీమంతావేటి?" అంది. అమ్మ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పూట కంచంలో అన్నమంతా తనే ముద్దలు చేసి వాడికి తినిపించింది.

భోజనాలయ్యాక నాన్న పుస్తకం తెరవబోతే, ఇంక అక్కర్లేదులే అంది అమ్మ. తిరిగి వచ్చేటప్పుడు మా సగాన్ని కూడా అక్కడే, రెండూ కలిసి ఉంటాయని వదిలేసి వచ్చింది.

ఆ జవాబు పేజీలో ఏముందో నాకీనాటికీ తెలియదు. ఇప్పుడా పుస్తకం దొరికినా చదివేవాళ్ళు మా ఇంట్లో నేను తప్ప లేరు, మనవరాలికి ఇంగ్లీషు, హిందీ తప్ప రావు. దాని పుస్తకంలో మాత్రం ప్రశ్న కిందనే జవాబు ఉంది. దానికి పాపం, జవాబు కోసం సముద్రం దాటి ఎవరి గుమ్మమూ తొక్కే పని లేదు.