మలీద వాపసు

ఏడాదికోసారి ప్రొజెక్టర్ వెలిగించి, లంచం ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని పాఠం చెప్పడం నా ఉద్యోగంలో ఒక భాగం. వినేవాళ్లు మన ఫ్యాక్టరీల్లో పెట్టుబడులు పెట్టే మా విదేశీ ఫండ్ ఉద్యోగులు. అందులో కానుకల గురించి ఓ స్లైడ్ ఉంటుంది. అది తెర మీదికి రాగానే గబగబా తర్వాతి స్లైడుకి జరిపేస్తాను.

మా ఇల్లు ఉప్పల్‌లో. నాచారంలోని ఓ మందుల ప్యాకింగ్ కంపెనీలో ఫండ్ డబ్బు పెట్టబోతోందని, దగ్గరే కదా అని తనిఖీకి నన్నే పంపారు. రెండో అంతస్తులో నలభై మంది ఆడవాళ్లు మాత్రల పట్టీలు డబ్బాల్లో సర్దుతున్నారు. వాళ్లలో పెద్దావిడ నన్ను వెనక మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. తలుపుకి తాళం, దానికడ్డంగా అట్టపెట్టెల గుట్ట.

“అగ్గంటుకుంటే అందరం ముంగటి మెట్లకెల్లే ఉరకాలె సార్. జర తాళం తీపియ్యున్రి” అంది.

బతుకమ్మ రోజులవి. నేను వచ్చేస్తుంటే చేతిలో స్టీలు డబ్బా పెట్టింది. రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు.

కింద ఆఫీసు ఫైల్లో మాత్రం రెండు మెట్ల దారులూ తెరిచే ఉన్నాయని ముద్ర కొట్టిన ఫైర్ సేఫ్టీ సర్టిఫికెట్! ముద్ర వేసిన ఫైర్ అధికారి ఎప్పుడొచ్చి చూశాడని అడిగితే, కంపెనీకి పైరవీలు చేసిపెట్టే కన్సల్టెంటు పళ్లికిలించాడు.

“ఆయన గీడిదాక వచ్చుడెందుకు సార్? నేనే పోయి, మంచిగ మాట్లాడి పట్టుకొచ్చిన.”

సిగ్గూ శరం లేదు. తాళం గురించి, ఆ పట్టుకొచ్చిన కాగితం గురించి రిపోర్టులో రాశాను. నా బుద్ధి గడ్డి తిని, రూలు ప్రకారం కానుకల గడిలో మలీద కూడా రాశాను.

మర్నాడు మా పెద్దసారు ఫోన్ చేశాడు. “సర్టిఫికెట్ ఉంది కదండీ, తలుపు గొడవ మనకెందుకు? ఆ పేరా తీసేశాను. కన్సల్టెంటు మీద రాసిందీ తీసేశాను. కానీ ఆ స్వీట్లేమిటి? పాలసీ తెలుసుగా, వాపసిచ్చి సంతకం తీసుకోండి.”

ఒళ్లు మండింది. అయినా ఆయన దిద్దిన రిపోర్టు కింద సంతకం పెట్టాను. ఆయన మీద ఎంత రోతో, నా మీద అంతకు రెట్టింపు.

డబ్బా పట్టుకుని మళ్లీ నాచారం వెళ్లాను. టీ బ్రేకులో గేటు దగ్గర నన్ను చూడగానే ఆ పెద్దావిడ మొహం వెలిగింది.

“తాళం తీపిచ్చిన్రా సార్?”

నేను డబ్బా, కాగితం చాపాను. మూత తీసి చూసింది. ఒక్క ముద్దా తగ్గలేదు.

“తిన్లేదా? మా ఇంట్ల జేసింది మంచిగుండదనుకున్నరా?”

“కంపెనీ రూలమ్మా. వాపసు ముట్టిందని ఇక్కడ సంతకం పెట్టండి.”

చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పెట్టింది. పెన్ను తిరిగిస్తూ అడిగింది.

“మరి తాళం?”

“రిపోర్టులో రాశానమ్మా.”

రాశానన్నది అబద్ధం కాదు. కొట్టేశారని చెప్పలేదు. ఆమె నాకు దండం పెట్టి, ముందున్న ఆ ఒక్క మెట్ల దారినే పైకి వెళ్లింది.