చీలిక దగ్గరి మేట

ముక్తేశ్వరం కేశవరావుగారికి డాక్టర్లంటే పూచికపుల్లతో సమానం. ముప్ఫై ఆరేళ్లు కాలువ మీద లస్కరుగా లాకు తలుపులు ఎత్తి దించి, ఒక్క ఏడు కూడా శివారు చేను ఎండనివ్వని మనిషి. రెండు వరదల్లో గండి పడకుండా గట్టు కాసిన మనిషి. ఐదో తరగతి చదువుతో ఇంజనీర్ల కొలతలు సరిదిద్దిన మనిషి. అలాంటి ఆయన్ను పట్టుకుని, అమలాపురంలో నిన్నగాక మొన్న బోర్డు కట్టిన డాక్టరొకడు మెడకి స్కానింగు తీసి, రక్తనాళంలో కొవ్వు పట్టిందనీ, రోజూ మాత్ర వేసుకోకపోతే పక్షవాతం రావచ్చనీ అన్నాడు.

"నా నాడి పట్టుకు చూడమను! లాకు దగ్గర నీళ్లలా ఉరుకుతోంది. ఇందులో పూడికా?" అంటూ మాత్రల అట్టను అరుగు మీదికి విసిరేశారు.

అట్ట తీసింది మనవరాలు దుర్గాభవాని. హైదరాబాదు ల్యాబులో ఎలుకల రక్తనాళాల మీద పరిశోధన చేస్తోంది. ఆ ఉద్యోగమన్నా ఆయనకు వెక్కిరింతే.

"ఏమ్మా ఎలుకల డాక్టరూ, వాటికీ కొవ్వు పడుతుందా?"

"ఆయ్, మేమే పట్టిస్తామండీ తాతగారూ. కొవ్వు తిండి పెడతాం. ఒళ్లంతా తిరిగేది ఒకటే రక్తం. జబ్బు మాత్రం ఎక్కువగా నాళం రెండుగా చీలే చోటే మొదలవుతుంది."

"చీలిక ముక్కు దగ్గరా, ఎదురొడ్డునా?"

దుర్గాభవాని తెల్లబోయింది. "మీరే చెప్పండి."

"కాలువ రెండుగా చీలే చోట మధ్యనుండే ముక్కుని నీళ్లు ఒరుసుకుపోతాయి, అక్కడ మట్టి నిలవదు. ఎదురొడ్డున మందగించి సుడి తిరుగుతాయి. మేట అక్కడే."

ఆమె ఫోనులో ఎలుక నాళం ఫొటో చూపించింది. కొవ్వు సరిగ్గా ఎదురు గోడకే పట్టి ఉంది. "తిన్నటి నాళానికి ఇరుకు పట్టీ తొడిగి కూడా చూసేమండీ. రక్తం మందగించిన చోటే పట్టింది."

"ఇంతోటి దానికి ఎన్ని ఎలుకల్ని చంపేరే? నాకో ఉత్తరం ముక్క రాస్తే చెబుదును కదా!"

"మీ మెడలోనూ అదే చోటండీ."

"మరి నాడి?"

"లాకు దగ్గర నీటిమట్టం చూసేసి కాలువంతా బాగుందని రాసే ఇప్పటి లస్కర్లని మీరే కదండీ తిడతారు?"

కేశవరావుగారి చెయ్యి మెడ మీదికి పోయింది. వేసవిలో కాలువ కట్టేయగానే ముందుగా చీలికలే తవ్వించేవారు. ఆ సంగతి వినని మనిషి ఆ ఊళ్లో లేడు.

"ఈ మాత్ర మేటంతా తవ్వేస్తుందా?"

"పూర్తిగా తవ్వదండీ. పెరగనివ్వదు, ఉన్నది తెగి కొట్టుకుపోకుండా కాస్తుంది."

"ఇదీ ఒక పనేనా? నా హయాంలో ఇలా చేసినవాణ్ణి గట్టు ఎక్కనిచ్చేవాణ్ణి కాదు" అంటూనే మాత్ర మింగారు. రేపటిది ఎన్నింటికో అడిగారు. అదీ డాక్టర్ని కాదు, మనవరాలిని.