కృష్ణగిరికి గొర్రెల సైన్యంతో

ఆదివారం పొద్దున ఆరున్నరకు హోసూరు బస్టాండులో సేలం పోయే బస్సు ఎక్కాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, హైవేను వెడల్పు చేస్తున్న రోజులవి. కృష్ణగిరికి గంటన్నర అనుకుని బయలుదేరితే రెండు గంటలైనా పట్టేది. ముందువైపు సీటు పట్టుకుంటే దుమ్ము తక్కువ. నేను అదే చేశాను, ఎందుకంటే నా ఒళ్ళో అట్టపెట్టె ఉంది. అందులో, కోడిగుడ్ల అట్టల మధ్య దూది పరుపు మీద, నా సైన్యం పడుకుని ఉంది.

ఈ ఆట తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. బల్ల మీద థర్మాకోలుతో కొండలు, అట్టలతో గోడలు పెడతారు. బొటనవేలంత బొమ్మలతో ఇద్దరు రెండు సైన్యాలు నిలబెడతారు. ఎంత దూరం జరపాలో టేపుతో కొలుస్తారు. దెబ్బ తగిలిందో లేదో పాచికలు చెబుతాయి. ఎవరి సైన్యానికి వాళ్ళే రంగులు వేసుకుంటారు, దానికొక కథ అల్లుకుంటారు. ఒకరిది ఎముకల గూళ్ళ సైన్యం, ఇంకొకరిది రాక్షసులది. నేను పనిచేసే ఫ్యాక్టరీలో డిజైన్ సెక్షనుకు నెల్లూరు నుంచి వచ్చిన శ్రీనివాస్ గారు ఈ ఆట తెచ్చారు. అక్కడ నాది వైర్లు అతికే పని, చెయ్యి నిలకడగా ఉంటుందని తన బొమ్మలకు కళ్ళు దిద్దమని ఇచ్చారు. దిద్దుతూ దిద్దుతూ ఆట నేర్చుకున్నాను.

విదేశాల నుంచి వచ్చే కంపెనీ బొమ్మలు కొనే స్తోమత నాకు లేదు, కొనాలనీ అనిపించలేదు. పాత మోటారు రాగి తీగ వంచి, పైపుల లీకు మూసే ముద్ద అద్ది, గొర్రెలు చేశాను. అడుగున చొక్కా గుండీలు. కంబళి దారాలు కత్తిరించి ఉన్ని అతికించాను. కొమ్ముల పొట్టేళ్ళు, కుక్కలు, వడిసెల తిప్పే ఆడవాళ్ళు, గొంగడి కప్పుకున్న కాపరులు. మంత్రగాడు ఉండాలని రూల్ పుస్తకం చెబితే, గొర్రెలకు పసరు పోసి బతికించిన మా అవ్వను చేసి నిలబెట్టాను. మాది గురుబరపల్లి, మేము మందోళ్ళం, గొర్రెల కాపరులం. మేపే బీడు ప్లాట్లు పడి కంచె వేసినాక, అమ్మ మందను మా వైపు పోచంపల్లి సంతలో అమ్మేసింది. అది జరిగి చాలా ఏళ్ళయింది. ఆ మందే ఇప్పుడు నా పెట్టెలో ఉందనుకోండి.

కండక్టరు వచ్చి పెట్టెను వెనక డిక్కీలో పెట్టమని తమిళంలో అన్నాడు. పెట్టనన్నాను. ఇంకోసారి అన్నాడు. ఎవరికీ అడ్డం లేనప్పుడు నా ఒళ్ళో నా సామాను ఉంటే తప్పేమిటని అడిగితే, టికెట్టు చింపి ఇచ్చి వెళ్ళిపోయాడు. పక్కన గులాబీల గంప పెట్టుకున్న ఒక పెద్దామె ఇదంతా చూస్తోంది. పెట్టెలో కోడిపిల్లలా అని అడిగింది. మూత కొంచెం ఎత్తి చూపించాను.

"గొర్రెలమ్మా. యుద్ధానికి పోతా ఉండాయి."

"ఎవురితో?"

"గుర్రాలతో."

ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "అట్లయితే కొమ్ములుండేటివి ముందర పెట్టు," అంది.

ఎనిమిదిన్నర దాటాక కృష్ణగిరి కొత్త బస్టాండులో దిగాను. ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ, కారంగా ఉండే కొబ్బరి పచ్చడి బాగుంటాయి. అక్కడ్నుంచి కోట కొండ వైపు పది నిమిషాలు నడిస్తే ఆ రోజు పోటీ పెట్టిన చిన్న కల్యాణమండపం. లోపల నాలుగు బల్లలు, పైన పచ్చ గుడ్డలు. శ్రీనివాస్ గారు ముందురోజే వచ్చి ఉన్నారు. పోటీ నడిపే ప్రభాకర్ సార్ ఊళ్ళో పెద్ద వ్యాపారి. శ్రీనివాస్ గారు ముందే చెప్పినట్టు, ఆయన సైన్యం వెండి కవచాల గుర్రపు రౌతులు. ఒక్కో గుర్రం కళ్ళెం మీద కూడా పువ్వులు దిద్ది ఉన్నాయి. నిజంగా అందమైన పని.

ఆయన నా పెట్టెలోకి చూసి, ఇవి కంపెనీ బొమ్మలు కావు కదా అన్నారు. కావన్నాను. ఏ బొమ్మ రూల్ పుస్తకంలోని దేనికి బదులో ఆటకు ముందు చెబుతాను, ఎదుటివాళ్ళు పొరబడితే ఆ ఎత్తు వెనక్కి తీసుకోవచ్చు అన్నాను. శ్రీనివాస్ గారు, ఎదుటి ఆటగాడు ఒప్పుకుంటే చాలని రూల్స్‌లోనే ఉందండీ అని నెమ్మదిగా చెప్పారు. ప్రభాకర్ సార్‌కు అది నచ్చలేదు.

"ఇది పోటీ అమ్మా. గొర్రెల్ని పోచంపల్లి సంతకు తీసుకుపో, ఈడికి కాదు."

ఒకరిద్దరు నవ్వారు. పెట్టె మూసి బస్సెక్కేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజమే. కానీ పెట్టెను బల్ల మీదే పెట్టాను.

"సంతకు అమ్మేటివి తోలుకోని పోతారు సార్. ఇవి అమ్మేటివి కాదు. ఈడ ఆడేదానికి వచ్చినాను, ఆడే పోతాను."

బర్గూరులో లెక్చరరుగా పనిచేసే ఒకాయన తన బల్ల దగ్గర కుర్చీ లాగి, నాకేం అభ్యంతరం లేదు, రండి అన్నారు. అలా మొదలైంది.

మొదటి ఆట ఓడిపోయాను. ఆయన రాక్షసులు నా కాపరులను వాగు దాటనివ్వలేదు. రెండోది శ్రీనివాస్ గారితో. ఆయన స్నేహం ఆటలో చూపించరు, అదీ ఓడాను. మధ్యాహ్నం పులిహోర, మజ్జిగ పెట్టారు. తింటుండగా ప్రభాకర్ సార్ వచ్చి నా పక్కన నిలబడ్డారు. మూడో ఆట ఆయనతోనే. ఈసారి మాట మెత్తగానే ఉంది. తన దగ్గర ఇంకో రౌతుల దండు ఉందని, దాన్ని ఇస్తానని, వీటితో ఎట్లాగూ గెలవలేనని చెప్పారు. మంచికే చెప్పి ఉండవచ్చు. నాకు మాత్రం పొద్దుటి మాటకంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఓడినా నా మందతోనే ఓడతాను సార్," అన్నాను. సరే, నీ ఇష్టం అని ఆయన బల్ల వైపు నడిచారు.

పొట్టేళ్ళను ముందు వరుసలో పెట్టాను. వెండి రౌతులు కొండ దిగి ఒకేసారి వచ్చి పడ్డారు. పొట్టేళ్ళు సగం పోయాయి, కానీ చెదరలేదు. ఆ సందులో కుక్కలను పక్కనుంచి తిప్పి గుర్రాల వెనక్కి పంపాను. వడిసెల రాళ్ళకు పాచికలు బాగా పడ్డాయి. మిగతా బల్లల వాళ్ళు ఆటలు ముగించి మా చుట్టూ చేరారు. నవ్వు లేదు. ఆఖరి ఎత్తుకు బల్ల మీద ఆయనకు ఇద్దరు రౌతులు, నాకు గుట్ట మీద మా అవ్వ ఒక్కతే. ఆ గుట్ట ఎవరిదైతే ఆట వాళ్ళది. ఆయన పాచికలు వేశారు. నాకు కావలసిన అంకె పడలేదు.

ఓడిపోయాను. మూడుకు మూడు.

ప్రభాకర్ సార్ పడిపోయిన అవ్వను రెండు వేళ్ళతో పట్టుకుని దగ్గరగా చూశారు. "ఈమె ఎవరు?" అని అడిగారు. మా అవ్వ అన్నాను. ఆయన బొమ్మను నా చేతికి ఇవ్వకుండా మళ్ళీ గుట్ట మీదే నిలబెట్టారు. అంతలోనే మనసు మారిందనుకోకండి. కంపెనీ బొమ్మలు తప్పనిసరి అని వచ్చే ఏడు రూల్ రాస్తానన్నారు.

"రాసుకోండి సార్. నేనూ వస్తాను, ఇవే తెస్తాను," అన్నాను.

నాలుగున్నరకు హోసూరు బస్సు ఎక్కి గురుబరపల్లిలో దిగాను. అమ్మ అప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేది. షిఫ్టు దిగి రోడ్డు పక్కన టీ అంగడి దగ్గరికి వచ్చింది, చేతులకు ఇంకా మామిడి వాసన. అన్న నా ఆటను చిన్నపిల్లల చేష్ట అంటాడు. అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదు, అలాగని చూపించమనీ అడగలేదు. ఆ రోజు బెంచీ మీద పెట్టె తెరిచి పెట్టాను.

"గెలిచినావా?"

"లేదుమా. మూడూ ఓడినాను."

అమ్మ ఒక్కొక్క గొర్రెనూ వేలితో తాకుతూ పోయింది. అవ్వ దగ్గర వేలు ఆగింది.

"మంద అంతా తిరిగొచ్చిందా?"

"వచ్చిందిమా."

"ఇంక ఓడిందేముంది," అని టీ గ్లాసు అందుకుంది. రెండు గుక్కలు తాగి, మంద కదిలితే గంపలు, గిన్నెలు ఎవరు మోస్తారు, గాడిద యాడ అని అడిగింది. నేను చెయ్యలేదని చెప్పాను. గాడిద లేకుండా మంద ఊరు దాటదని కోప్పడింది.

చీకటి పడకముందే హోసూరుకు ఇంకో బస్సు దొరికింది. ఎప్పుడైనా ఇలాంటి పోటీకి కృష్ణగిరి పోయేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. కప్పు తెస్తారో లేదో తెలియదు, మీ సైన్యం మాత్రం మీదే అయి ఉండాలి. అరువు తెచ్చుకున్న గుర్రాలతో గెలిచి వచ్చి ఉంటే ఈ ప్రయాణం గురించి రాయడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

బస్సు కుదుపుల్లోనే సంచిలోంచి తీగ ముక్క తీసి వంచడం మొదలుపెట్టాను. షూలగిరి దాటేసరికి గాడిదకు నాలుగు కాళ్ళూ వచ్చాయి.