గుమ్మం బయట చెప్పులు

మొన్న మంగళవారం గుడివాడ బస్టాండులో ఉండగా ఫోనొచ్చింది. మా అమ్మగారు పోయారు. నన్ను కన్న తల్లి కాదు. కువైట్‌లో మా తెలుగు సంఘం పాస్టరుగారి భార్య. ఆయన్ని అయ్యగారనీ, ఆవిడని అమ్మగారనీ పిలిచేవాళ్లం. ఎక్కాల్సిన బస్సు వదిలేసి అవనిగడ్డ బస్సెక్కాను.

తొంభైల చివర్లో నేనక్కడ ఒక ఇంట్లో వంట చేసేదాన్ని. సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధన కూడా శుక్రవారమే, అయ్యగారి ఫ్లాట్‌లోనే, అక్కడ ఇళ్లలో ఆరాధనకి అనుమతి లేదు కాబట్టి గుట్టుగా. అమ్మగారు అవనిగడ్డ నుంచి నేరుగా వచ్చి ఆ మూడో అంతస్తులో పడ్డారు. అక్కడి ఎండా, నీళ్లూ, తలుపులు మూసుకుని బతకడమూ ఏదీ పడలేదు. "గంట లేదు, డోలక్ లేదు, పాట గొంతు దాటకూడదు. ఇదేం ఆరాధన అండీ!" అని అయ్యగారి మీద విసుక్కునేవారు.

అంత జాగ్రత్తగా పాడుకున్నా మా అలవాటే మా కొంప ముంచింది. మన పల్లెల్లో చెప్పులతో గుడిలోకి ఎవరు వెళ్తారు? అక్కడా అలాగే గుమ్మం బయట విడిచాం. మెట్ల దాకా చెప్పులే. అవి చూసి ఇంటి యజమానికి లోపల ఎంతమందిమి ఉన్నామో తెలిసిపోయింది. ఫ్లాట్ ఖాళీ చేయించాడు.

ఇంకో చోటు దొరికాక అమ్మగారు గుమ్మం దగ్గర పెద్ద ప్లాస్టిక్ సంచి పట్టుకుని నిలబడేవారు. "చెప్పులు లోపలికి తెచ్చుకోండమ్మా. ఇదీ పోతే మనల్ని రానిచ్చేవాళ్లు లేరు." అన్నిటినీ బాత్రూం తొట్టెలో పేర్చేవారు. తెగినవాటికి పిన్నీసు పెట్టేవారు. "మీ మేడమ్ నిన్నెంత తిప్పుతోందో నీ మొహం చూడక్కర్లేదే, నీ చెప్పులు చూస్తే చాలు" అని నన్ను ఆటపట్టించి, పక్కకి తీసుకెళ్లి అన్నం పెట్టేవారు. ఆవిడ లేకపోతే ఆ దేశంలో నేను బతికుండేదాన్ని కాదు. మాటవరసకి అనడం లేదు.

కోడూరు పక్క పల్లె పిల్ల ఒకతి, నాలాగే ఒక ఇంట్లో పనిచేసేది, ఆరాధనకి వచ్చేది. ఒకరోజు ప్రార్థన మధ్యలో కింద ఆమె యజమాని కారు హారన్ మోగింది. పిల్ల హడలిపోయి ఒట్టి కాళ్లతో పరుగెత్తింది. అమ్మగారు చెప్పులు పట్టుకుని కిందికి దిగేసరికి కారు వెళ్లిపోయింది. ఆ పిల్ల మళ్లీ రాలేదు. మేడ మీంచి పడి చనిపోయిందని తర్వాత తెలిసింది. పడిందో, ఇంకేం జరిగిందో అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు.

ఆ తర్వాత అమ్మగారు విసుక్కోవడం నేను వినలేదు. ఇంటికి వెళ్లిపోదామని అయ్యగారే అంటే, "మనం వెళ్లిపోతే ఈ పిల్లలు శుక్రవారం ఎక్కడికి వెళ్తారండీ?" అన్నారు. జబ్బు చేసి లేవలేని స్థితి వచ్చేదాకా అక్కడే ఉన్నారు.

మధ్యలో ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు ఆ చెప్పులు తెచ్చి కోడూరు దగ్గర ఆ పిల్ల తల్లికిచ్చారు. అప్పుడు నేనూ ఊళ్లోనే ఉండి వెంట వెళ్లాను. తల్లి వాటిని ఒళ్లో పెట్టుకుని, "ఆ ఎండలో నా బిడ్డ కాళ్లు కాలినయ్యేమోనమ్మా" అంది. అమ్మగారు వెళ్లి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు.

నేను అవనిగడ్డలో ఆ ఇంటికి చేరేసరికి గల్ఫ్ నుంచి తిరిగొచ్చేసిన మావాళ్లు బందరు నుంచీ, పమిడిముక్కల నుంచీ అప్పటికే వచ్చి ఉన్నారు. ఇంకా వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు గుమ్మంలో చెప్పులు విప్పి, చేత పట్టుకుని లోపలికి తెచ్చి గోడవార పెట్టుకుంటున్నారు. నేనూ అదే చేశాను. అయ్యగారు చూసి, "ఇక్కడ బయటే పెట్టుకోవచ్చమ్మా, ఎవరూ ఏమీ అనరు" అన్నారు. ఒక్కరూ కదల్లేదు. పాట ఎత్తుకున్నాం, అది కూడా గొంతు దాటలేదు.

పెట్టె లేపినప్పుడు గుమ్మం వైపు చూశాను. ఇల్లంతా జనం. బయట మెట్ల మీద మాత్రం ఒక్కటే జత ఉంది, అమ్మగారిది.